మేనిచాయ: జన్మలక్షణం నుండి వ్యక్తిగత బాధ్యత వరకు

తెలుగు వాడుకలో మేనిచాయకు ఎరుపు, పసిమి, చామనచాయ, నలుపు వంటి అంతరాలున్నాయి. చూడముచ్చటైన రూపాన్ని ‘ఎర్రగా బుర్రగా’ అని వర్ణించడంలో పక్షపాతం స్పష్టమే. ‘నలుపు నారాయణ మెచ్చు’ అనే సామెత నలుపును సమర్థిస్తున్నట్లు కనిపించినా, అది ప్రధానంగా ఓదార్పు. ఓదార్చవలసి వచ్చిందంటే లోటును ముందే అంగీకరించినట్లే. అయితే ఈ పాత పక్షపాతానికి ఒక హద్దు ఉండేది. రంగు పుట్టుకతో వచ్చేదన్న భావన బలంగా ఉండేది. గర్భిణికి కుంకుమపువ్వు కలిపిన పాలు ఇవ్వడంలోని ఆశ సైతం శిశుజననానికి ముందటిది. సున్నిపిండి, పసుపు మేనికి మెరుగు పెట్టేవే గాని, ఇన్ని వారాల్లో తెల్లబడాలని గడువు విధించినవి కావు.

ఈ హద్దును చెరిపివేసినది విపణి. 1975లో హిందుస్థాన్ లీవర్ సంస్థ ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ని ప్రవేశపెట్టింది. అందులోని నియాసినమైడ్, వర్ణకణాలు పైపొర కణాలకు చేరడాన్ని కొంత తగ్గిస్తుంది. ఆ ప్రభావం శాశ్వతం కాదు. ప్రకటనలు మాత్రం దానికి వివాహాన్ని, తరువాత ఉద్యోగాన్ని ముడిపెట్టాయి. కుమారుడు లేడని చింతించే తండ్రికి, తెల్లబడి విమాన సంస్థలో కొలువు సంపాదించిన కుమార్తె ఆసరా కావడం అటువంటి ఒక ప్రకటనలోని కథ. ఇక్కడ స్త్రీ ఆర్థిక స్వాతంత్ర్యానికీ చర్మవర్ణమే అర్హత అయింది. అఖిల భారత ప్రజాతంత్ర మహిళా సంఘం జాతీయ మానవ హక్కుల సంఘాన్ని ఆశ్రయించగా, 2003లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి ప్రకటనల ప్రసారంపై చర్య తీసుకుంది.

రంగు ప్రయత్నసాధ్యమని నమ్మించిన తరువాత, నల్లగా ఉండడం యువతి చేసిన నిర్లక్ష్యంగా మారుతుంది. ఆమె భరించే ఒత్తిడికి మూలం ఇదే. దాని పర్యవసానం శరీరంపైనా కనిపిస్తుంది. వైద్యుని సలహా లేకుండా తెలుపు కోసం స్టెరాయిడ్ లేపనాలను వాడినవారిలో చర్మం పలుచబడడం, ఎర్రబడడం, అవాంఛిత రోమాలు పెరగడం, మానగానే మంట చెలరేగడం వైద్యులు గుర్తించిన పరిణామాలు.

నియంత్రణ ప్రధానంగా ప్రకటనల భాష చుట్టూ తిరిగింది. నల్లనివారిని వివాహంలోనో ఉద్యోగంలోనో వెనుకబడినవారిగా చూపరాదని 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి నిర్దేశించింది. 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టానికి 2020లో ప్రతిపాదించిన సవరణ ముసాయిదాలో తెల్లబరుస్తామనే ప్రచారమూ చేరింది. అదే సంవత్సరం ఆ లేపనం పేరు ‘గ్లో అండ్ లవ్లీ’గా మారింది.

‘తెలుపు’ స్థానంలో ‘కాంతి’ వచ్చినా, సహజమైన ముఖాన్ని అసంపూర్ణంగా భావించి దిద్దుకొనే బాధ్యత యువతిపైనే నిలిచింది. కాబట్టి సౌందర్య భావనల చరిత్రను పరిశీలించేవారు ఏ రంగును మెచ్చారన్న ప్రశ్నతో ఆగరాదు. ఆ రంగు లేకపోవడాన్ని ఏ కాలం ఎవరి తప్పుగా ఎంచిందో కూడా తేల్చవలసి ఉంటుంది.