భుజం, మోచేతి సర్జన్ కావాలంటే.. దాదాపు పదేళ్లు ఎందుకు?

ఒంటిమిట్టలో బైక్ మీంచి పడి గూడ జారితే ముందు గుర్తొచ్చేది కడపలోని ఎముకల డాక్టరే. ఆ ఎముకల డాక్టర్లలోనే భుజం, మోచేయి మాత్రమే చూసే సర్జన్లు వేరే ఉంటారని చాలామందికి తెలీదు.

ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు. కడపలో 2006లో రిమ్స్ మొదలయ్యాక ఈ చదువు జిల్లాలోనే దొరుకుతోంది. తర్వాత నీట్ పీజీ రాసి మూడేళ్ల ఎంఎస్ ఆర్థో లేదా డీఎన్‌బీ. ఆపైన సీనియర్ సర్జన్ దగ్గర ఫెలోషిప్. అసలు చేతిపని వచ్చేది ఇక్కడే.

భుజం కీలు స్పూన్‌లో నిమ్మకాయ లాంటిది. గుండు పెద్దది, గిన్నె చిన్నది. అందుకే పెద్ద కీళ్లలో ఎక్కువగా జారేది ఇదే. చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపి, స్క్రీన్ చూస్తూ లోపల కుట్లు వేయడం నేర్చుకోవాలి. కుట్టడానికి వీల్లేనంతగా కండరాలు పాడైన పెద్దవాళ్లకు గుండు, గిన్నెల చోట్లు తారుమారు చేసే 'రివర్స్ షోల్డర్' అమరుస్తారు. దీన్ని 1985లో ఫ్రాన్స్ సర్జన్ పాల్ గ్రామాంట్ రూపొందించారు.

మోచేయి ఇంకా మొండిది. మూడు ముఖ్యమైన నరాలు, చేతికి రక్తం తెచ్చే ధమని దాన్ని ఆనుకునే పోతాయి. పిల్లలు పడి మోచేతిపైన ఎముక విరిగినప్పుడు వాపు మీద బిగుతుగా కట్టు కడితే, రక్తం ఆగి చేయి శాశ్వతంగా వంకరపోవచ్చు. వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, కదిలిస్తే పిల్లాడు తాళలేకపోయినా స్పెషలిస్టు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. ఆర్థో డాక్టర్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి.