మూగజీవులకు జామీను

మూగజీవములను కాపాడుటకు జాలి యొక్కటే చాలదు, సొమ్మును కావలెను. ఆర్థర్ బ్రూమ్ అను క్రైస్తవ మతాచార్యుని చరిత్ర మనకీ సత్యమును చెప్పుచున్నది.

పశువులను క్రూరముగా హింసించుట నేరమని 1822లో, రిచర్డ్ మార్టిన్ చొరవవలన, బ్రిటిషు పార్లమెంటు శాసించెను. కాని నేరస్థులను పట్టి న్యాయస్థానమునకు తెచ్చువారెవరు? 1824 జూన్ 16న లండనులోని ఒక కాఫీ హోటలులో కొందరు పెద్దలు కూడి జంతుహింసా నివారణ సంఘమును స్థాపించిరి. బ్రూమ్ చర్చి ఉద్యోగమును వదలి దానికి కార్యదర్శి యయ్యెను. స్మిత్‌ఫీల్డు పశువుల సంతను కనిపెట్టియుండుటకు జీతగాండ్రను నియమించిరి. తొలి యేటనే 63 మంది నేరస్థులు కోర్టు కెక్కిరి.

పని పెరిగెను, చందాలు పెరుగలేదు. అప్పు 300 పౌనులకు చేరువయ్యెను. జామీనుగా నిలిచిన బ్రూమ్ 1826లో చెరసాల పాలయ్యెను. మార్టిన్, లూయిస్ గాంపర్జ్ సొమ్ము కూర్చి విడిపించిరి. 1840లో విక్టోరియా రాణి ఆ సంఘమునకు రాజగౌరవ మొసగెను. అది చూచుటకు బ్రూమ్ లేడు, 1837లోనే కన్నుమూసెను.

రుక్మిణీదేవి అరండేల్ కృషివలన మన దేశమునను 1960లో ఇట్టి చట్టము వచ్చినది. చట్టము దోషిని శిక్షించును. రక్షించిన జీవికి మేత వేయునది చందాయే. అది వేళకు అందకున్న, భారమంతయు జాలిగల ఒక్కని నెత్తిన పడునని మేము మనవి చేయుచున్నాము.