సుబ్బారావు గారి రెండు మాత్రలు

ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరెత్తితే మనవాళ్ళు నోబెల్ రాలేదని బాధపడి ఊరుకుంటారు. నాకైతే అసలు కథ పేగుల దగ్గర ఉందనిపిస్తుంది.

ఆయన సోదరులిద్దర్ని పొట్టన పెట్టుకున్నది స్ప్రూ అనే పేగుల జబ్బు. 1923లో అమెరికా వెళ్ళారు. 1945లో లెడర్లీ ల్యాబ్‌లో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. స్ప్రూకి మందు దొరికింది! దాన్నే కాస్త మార్చి, కణాలు ఫోలిక్ యాసిడ్ అనుకుని మోసపోయేలా మెథోట్రెక్సేట్ చేశారు. 1948లో పోయారు.

మొదట క్యాన్సర్‌కి వాడిన ఆ మందుకి, సొంత ఇమ్యూనిటీయే కీళ్ళ మీద పడే రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ కోసం 1988లో అమెరికా అనుమతిచ్చింది. 1995 ట్రయల్‌లో క్రోన్స్ అనే పేగుల వాపు జబ్బుకీ పనిచేసింది. అంటే తిరిగి తిరిగి మళ్ళీ పేగుల దగ్గరికే వచ్చిందన్నమాట.

తమాషా ఏంటంటే, మెథోట్రెక్సేట్ సైడ్ ఎఫెక్ట్స్ తగ్గడానికి డాక్టర్లు రాసేది ఫోలిక్ యాసిడే. రెండూ ఆయన చలవే. నోబెల్ రాకపోతేనేం చెప్పండి?