విశ్వనాథవారి ఊహాలోకం: లండన్‌లో గంధర్వుడు, ఇంగ్లీషు క్లాసులో విష్ణుశర్మ

బళేపేటలో తరాలుగా ఉంటున్న మన ఇళ్ళలో పెద్దలు తెలుగు చదువుతారు, పిల్లలు మాట్లాడతారు, మనవలు కన్నడం, ఇంగ్లీషు చదువుకుంటారు. ఆమధ్య ఒక కాలేజీ కుర్రాడు మా సంఘం పుస్తకాల బీరువా ముందు నిలబడి, "తెలుగులో సైన్స్ ఫిక్షన్ ఏమైనా ఉందా అంకుల్?" అని అడిగాడు. విశ్వనాథ సత్యనారాయణగారి పుస్తకం తీసి ఇచ్చాను. "ఈయన రామాయణం రాసినాయన కదా!" అన్నాడు.

నిజమే. 1895 సెప్టెంబరు 10న కృష్ణా జిల్లా నందమూరులో పుట్టి, 'రామాయణ కల్పవృక్షం'తో తెలుగుకు మొదటి జ్ఞానపీఠం తెచ్చి, 1976 అక్టోబరు 18న కన్నుమూసిన ఆయనను కొందరు కవిసామ్రాట్టు అని, కొందరు ఛాందసుడు అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అయితే నవలాకారుడిగా ఆయన ఊహ ఎప్పుడూ మామూలు లోకంలో ఆగలేదు. యంత్రాలు, రాకెట్లు లేవు గనుక అవి సైన్స్ ఫిక్షన్ కావని వాదించవచ్చు. "ఇలా జరిగితే ఏమవుతుంది?" అని మొదలయ్యే కథలన్నిటినీ ఇప్పుడు స్పెక్యులేటివ్ ఫిక్షన్ అంటున్నారు. ఆ లెక్కన విశ్వనాథవారిది ముందు వరుస.

'హాహా హూహూ' తీసుకోండి. గుర్రపు తల, మనిషి శరీరం, రెక్కలు ఉన్న ఒక గంధర్వుడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. జనం మూగుతారు, బోనులో పెడతారు, శాస్త్రజ్ఞులు వచ్చి మనిషా జంతువా అని తలలు పట్టుకుంటారు. అతను మాట్లాడేది సంస్కృతం. ఆ భాష తెలిసినవాళ్ళు వచ్చేదాకా అతని మాట అరుపు కిందే లెక్క. హాహా, హూహూ పురాణాల్లోని గంధర్వుల పేర్లే. గజేంద్రమోక్షంలో మొసలిగా పుట్టినవాడు హూహూ అని మన పెద్దలకు గుర్తుండే ఉంటుంది. పరాయి ఊళ్ళో స్థిరపడ్డ మనబోటి ఇళ్ళవాళ్ళకు ఈ కథ కొంచెం వేరేగా వినిపిస్తుంది. భాష తెలిసినవాడు ఒక్కడు దొరికితే చాలు, వింత జంతువు కాస్తా పెద్దమనిషి అయిపోతాడు!

విశ్వనాథ పుట్టిన 1895లోనే ఇంగ్లండులో హెచ్.జి.వెల్స్ 'ది వండర్‌ఫుల్ విజిట్' అచ్చయింది. అందులో ఒక పల్లెటూరి పాదిరీ పక్షి అనుకుని దేవదూతను తుపాకితో కొడతాడు. వెల్స్ తన ఊరినే పరీక్షకు పెట్టాడు. విశ్వనాథ మనల్ని ఏలినవాళ్ళ రాజధానిని పరీక్షకు పెట్టారు. నాకు రెండోదే ఎక్కువ రుచిగా అనిపిస్తుంది.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1934లో పెట్టిన పోటీలో అడివి బాపిరాజు 'నారాయణరావు'తో బహుమతి పంచుకున్న 'వేయిపడగలు'లోనూ ఈ ఊహే ఉంది. వేయి పడగల సర్పానికి ఒక్కొక్క పడగే పోయి చివరికి రెండు మిగులుతాయి. పి.వి.నరసింహారావుగారు 'సహస్రఫణ్' పేరుతో దీన్ని హిందీలోకి తెచ్చారు. పురాణవైర గ్రంథమాల పన్నెండు నవలలు కోట వెంకటాచలంగారి కాలనిర్ణయాన్ని ఆధారం చేసుకున్నవి. చరిత్రకారులు ఆ లెక్కలు ఒప్పుకోరు. చరిత్రగా కాక ఊహగా చదువుకుంటే పేచీ లేదు. అన్నీ చదవడానికి మాత్రం ఓపిక కావాలి, నేను సగంలోనే ఆగాను.

'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు' అలా కాదు, ఒక్క కూర్చోలులో అయిపోతుంది. పంచతంత్రం చెప్పిన విష్ణుశర్మ, భారతం రాసిన తిక్కన ఒక తెలుగు మేష్టారి కలలోకి వస్తారు. విష్ణుశర్మకు ఇంగ్లీషు నేర్పాలి. అక్షరానికి ఒక పేరు, పలకడం ఇంకోలా, రాయడం మరోలా ఎందుకని ఆయన అడుగుతూంటే మేష్టారికి చెమటలు పడతాయి. విశ్వనాథ స్వయంగా విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పినవారు. కాలేజీలో ఇంగ్లీషు మేష్టారికీ తెలుగు మేష్టారికీ దక్కే మర్యాదల్లో తేడా ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నవ్వు వెనక ఆ కారం ఉంది.

ఈ రెండు నవలికలనూ వెల్చేరు నారాయణరావుగారు ఇంగ్లీషు చేశారు. 2018లో పెంగ్విన్ వేసింది. తెలుగు లిపి రాని మనవలకు ఆ పుస్తకం ఇవ్వవచ్చు. ఇంగ్లీషును ఎగతాళి చేసిన కథను ఇంగ్లీషులో చదివించడం ఏమిటని మా కమిటీలో ఒకరు అన్నారు. విష్ణుశర్మ విని ఉంటే గట్టిగా నవ్వేవాడే. వీలైతే ముందు మీరే పిల్లలను కూర్చోబెట్టుకుని తెలుగులో నాలుగు పేజీలు బయటికి చదివి వినిపించండి. మొదలుపెట్టడానికి విష్ణుశర్మే మంచిది, గంధర్వుణ్ణి తర్వాత పిలవచ్చు.