గేటు దగ్గర మనిషి, ఎర్రగడ్డలో కార్డు

పొద్దున ఏడున్నర. పంజాగుట్ట మెట్రో మెట్లు దిగి నాతో రండి. నిమ్స్‌కు వెళ్లేవాళ్లు ఎక్స్‌రే కవర్లు చంకలో పెట్టుకుని ఆటోలు ఆపుతున్నారు. నాగార్జున సర్కిల్ వైపు ఫ్లైఓవర్ మీద బండ్లు అప్పుడే చిక్కబడుతున్నాయి. మనం వెళ్లేది అప్పులిచ్చే ఒక కంపెనీ ఆఫీసుకి. ముందు గేటు వద్దు. అక్కడ అద్దాల తలుపు, పూలకుండీలు, ఇస్త్రీ యూనిఫాం తప్ప ఏమీ కనపడవు. సందులోంచి వెనక్కి రండి, సెల్లార్‌లోకి దిగే ర్యాంపు దగ్గరికి. ఎనిమిదికి షిఫ్టు మారుతుంది.

ఈ కంపెనీలో నా పని వెండార్ ఆడిట్. సెక్యూరిటీకి, హౌస్‌కీపింగ్‌కి, క్యాంటీన్‌కి, కాల్ సెంటర్‌కి, వసూళ్లకి మనుషుల్ని పెట్టే కాంట్రాక్టర్లు నెలనెలా బిల్లు పంపుతారు. బిల్లులో మనుషులు అంకెలై వస్తారు. ఆ అంకెల వెనక మనిషి ఉన్నాడా, ఉంటే ఎట్లా ఉన్నాడు అన్నది చూసి రావడం నా వంతు.

ర్యాంపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ మీద రిజిస్టర్ ఉంది, తెరవండి. నిన్నటి పేజీలో ఒక పేరు పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉంది. అదే పేరు రాత్రి ఎనిమిది నుంచి ఇప్పటిదాకా మళ్లీ ఉంది. సంతకాల వరుస మీద వేలు పెట్టి కిందికి జరపండి. పేర్లు వేరు, పెన్ను ఒకటే, అక్షరాల వాలు ఒకటే. ఆ పేరున్న మనిషి మీ ఎదురుగానే నిలబడి ఉన్నాడు. ఇరవై రెండో ఇరవై మూడో ఏళ్లుంటాయి. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. బూట్లు ఒక సైజు పెద్దవి, మడమ జారకుండా వెనక పేపర్ కుక్కాడు. ఊరు శ్రీకాకుళం జిల్లా.

అతన్ని ఇక్కడ ఏమీ అడగకండి. సూపర్‌వైజర్ ఫోన్ చూస్తున్నట్టు రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. అతని ముందు ఎవరిని ఏమడిగినా ఒకటే జవాబు వస్తుంది. డ్యూటీ దిగనిద్దాం. రోడ్డు దాటితే ఇరానీ హోటల్ ఉంది, మూల బల్ల ఖాళీగానే ఉంటుంది.

చాయ్ వచ్చింది. జీతం అందుతోందా అని అడిగితే "అందుతోంది సార్" అంటాడు. ఎవరైనా అదే అంటారు. ప్రశ్న మార్చాలి.

"ఏటీఎం కార్డు నీ దగ్గరే ఉందా తమ్ముడూ?"

కప్పు కింద పెట్టాడు. "ఆఫీసులో ఉంటాది సార్. మా ఏజెన్సీ ఆఫీసు, ఎర్రగడ్డలో."

"పిన్ ఎవరికి తెలుసు?"

"వాళ్లే పెట్టేరు సార్."

"టెన్త్ సర్టిఫికెట్?"

"అదీ అక్కడే. చెల్లి పెళ్లికి అడ్వాన్సు తీసుకున్నాను. తీరేదాకా ఒరిజినల్స్ ఇవ్వరు."

"ఎంత తీరిందో లెక్క చూపించారా?"

"అడిగితే ఇంకా ఉందంటారు."

"రేపటి నుంచి రాను అంటే?"

దీనికి జవాబు లేదు. ఫోన్ తీసి బ్యాంకు మెసేజీలు చూపిస్తాడు. మీరూ వంగి చూడండి. పోయిన నెల జీతం పడిన మెసేజ్, పొద్దున 11:04కి. దాని కిందే ఏటీఎంలో డబ్బు తీసిన మెసేజ్, 11:31కి. ఆ రోజు ఆ వేళకి ఇతను ఎక్కడున్నాడు? మన గేటు దగ్గర. ఎనిమిదికి లోపలికొచ్చినట్టు, మళ్లీ రాత్రి దాకా బయటికి పోనట్టు మన మెషీన్‌లోనే వేలిముద్ర ఉంది. మనిషి పంజాగుట్టలో కాపలా కాస్తుంటే అతని జీతం ఎర్రగడ్డలో ఎవరి చేతికో వెళ్లింది. మెస్ కటింగు, యూనిఫాం కటింగు, అడ్వాన్సు కటింగు పోను మిగిలింది వారం తర్వాత కవర్లో పెట్టి ఇచ్చారట. కాంట్రాక్టర్ మనకు పంపిన కాగితాల్లో మాత్రం కనీస వేతనం పూర్తిగా బ్యాంకులో వేసినట్టు ఉంది. వేశారు కూడా. అందులో అబద్ధం లేదు.

నన్ను చాలామంది అడుగుతారు, ఇది మోసమే గానీ బానిసత్వం అంటారా అని. పన్నెండు గంటల డ్యూటీని నేను బానిసత్వం అనను. తక్కువ జీతం ఒక్కటే చూసి కూడా ఆ మాట వాడను, అంత బరువైన మాటను ఎక్కడపడితే అక్కడ వాడితే దానికి విలువ పోతుంది. నేను చూసేది ఒకటే: పోతానంటే పోగలడా? ఈ అబ్బాయి పోలేడు. అప్పు అడ్డం, సర్టిఫికెట్ అడ్డం, కార్డు అడ్డం. అంతర్జాతీయ కార్మిక సంస్థ బలవంతపు పనికి చెప్పిన 11 గుర్తుల్లో అప్పుతో కట్టేయడం, గుర్తింపు కాగితాలు పట్టి ఉంచడం, జీతం ఆపడం, మితిమీరిన ఓవర్‌టైమ్ ఉన్నాయి. ఈ నాలుగూ ఒక చాయ్ తాగే లోపల ఈ బల్ల మీదికి వచ్చాయి.

మన చట్టం కూడా స్పష్టంగానే ఉంది. 1975 అక్టోబర్ 25 నుంచి అమల్లో ఉన్న వెట్టిచాకిరి రద్దు చట్టం తాను రద్దు చేస్తున్న పద్ధతుల్ని పేరుపేరునా చెప్పింది. భాగేలా, పాలేరు, వెట్టి, వీటిలో మన పల్లెలు ఎరగనిది ఏది? అడ్వాన్సు తీసుకున్నందుకు ఇంకోచోట పనికి వెళ్లే స్వేచ్ఛ పోయినా, కనీస వేతనం కంటే తక్కువకు చేయాల్సి వచ్చినా అది వెట్టే. ఆ బాకీ తీర్చనక్కర్లేదు, చట్టరీత్యా చెల్లిపోయినట్టే. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడు. ఢిల్లీ ఆసియా క్రీడల కోసం స్టేడియాలు కట్టిన కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు పనే అంది.

అబ్బాయి లేచాడు. "నా పేరు రాయకండి సార్" అన్నాడు. రాయం.

ఇప్పుడు అమీర్‌పేట దాకా నడుద్దాం, పైన మెట్రో నీడ ఉంది. మైత్రీవనం దగ్గరికి వచ్చేసరికి సందడి మారిపోతుంది. జావా, డేటా సైన్స్, క్లౌడ్ అని నిలువెత్తు ఫ్లెక్సీలు, వాటి కింద ఇడ్లీ బండ్లు, వీపున బ్యాగులతో ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు. హాస్టల్ గోడ మీద చేతి వెడల్పు కాగితాలు చదవండి. అనుభవం అక్కర్లేదు, డేటా ఎంట్రీ, విదేశాల్లో ఉద్యోగం, వెంటనే వీసా. ఇవన్నీ మోసమని నేను అనను. అయితే విశాఖపట్నం పోలీసులు 2024 మేలో బయటపెట్టిన వ్యవహారం ఇట్లాంటి మాటలతోనే మొదలైంది. సింగపూర్‌లో డేటా ఎంట్రీ అని నమ్మించి తీసుకెళ్లిన కుర్రాళ్లను కంబోడియాలో గోడల మధ్య పెట్టి, ఫోన్ల మీద మన దేశంలోని వాళ్లనే మోసం చేయించారు. 2025 మార్చి 10, 11 తేదీల్లో మయన్మార్ సరిహద్దు నుంచి వైమానిక దళం విమానాల్లో తిరిగొచ్చిన 549 మంది భారతీయుల్లో తెలుగువాళ్లూ ఉన్నారు.

దీనికీ ఫైనాన్స్ కంపెనీకీ ఏమిటి సంబంధం అంటారా? ఏజెంటుకు కట్టిన ఫీజు చాలామంది అప్పు చేసి తెచ్చిందే. అక్కడ వాళ్ల చేత దోపిడీ చేయించిన డబ్బు ఇక్కడి ఖాతాల గుండానే నడిచింది. కమీషన్‌కి ఆశపడి ఎవరో అద్దెకిచ్చిన ఖాతాలు, బ్యాంకు వాళ్లు మ్యూల్ అకౌంట్లు అంటారు. వాటిని పట్టడానికి రిజర్వ్ బ్యాంకు అనుబంధ సంస్థ మ్యూల్‌హంటర్ అనే సాఫ్ట్‌వేర్ తయారు చేసిందని 2024 డిసెంబర్‌లో గవర్నర్ ప్రకటించారు. డబ్బు ఎక్కడ పడి ఎక్కడ తీశారు, ఎంతసేపట్లో తీశారు, ఒకే మెషీన్‌లో వరుసగా ఎన్ని కార్డులు గీశారు అన్నది చూస్తే దొంగ ఖాతా దొరుకుతుంది. మన ఆఫీసు ఫ్రాడ్ టీం పొద్దస్తమానం చేసే పని ఇదే. ఆ కళ్లతో మన గేటు మనిషి జీతాన్ని ఒక్కసారి చూస్తే చాలు. నేను ఇన్నేళ్లుగా మొత్తుకుంటున్నది ఇంతే. డబ్బు దారి చూడటంలో మనంత నేర్పరులు ఇంకెవరూ లేరు, అయినా మన కప్పు కింద పనిచేసేవాళ్ల డబ్బు దారి చూడం.

చూడకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియాలో వెస్ట్‌పాక్ బ్యాంకు చూసింది. ఫిలిప్పీన్స్‌లో పిల్లల మీద జరిగే అఘాయిత్యాలకు చేరుతున్నాయని అనుమానించదగ్గ చిన్న చిన్న చెల్లింపులు కళ్ల ముందు పోతున్నా పట్టించుకోలేదన్నది ఆ బ్యాంకు మీద ఆరోపణల్లో ఒకటి. 2020లో 130 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది.

వెనక్కి వెళ్దాం. లిఫ్టులో పైకి. మధ్యలో ఒక అంతస్తులో ఆగండి, కొత్త గోడలు కడుతున్నారు. ఒక మూల ఎర్ర ఇటుకలు పేర్చి ఉన్నాయి. ఇవి ఏ బట్టీవో అడిగితే కాంట్రాక్టర్ సప్లయర్ పేరు చెబుతాడు, సప్లయర్ లారీవాడి పేరు చెబుతాడు, అక్కడితో సరి. నగరం చుట్టూ బట్టీల్లో ఒడిశా బలాంగీర్, నువాపడా వైపు నుంచి అడ్వాన్సు మీద వచ్చిన కుటుంబాలు ఇటుక కోస్తాయి. 2017 జనవరిలో రాచకొండ పోలీసులు యాదాద్రి జిల్లాలోని బట్టీలో దాదాపు 200 మంది పిల్లల్ని విడిపించారు. ఎక్కువ మంది పద్నాలుగేళ్లలోపు వాళ్లే. బట్టీ యజమాని లోన్‌కి వస్తే మనం భూమి పత్రాలు చూస్తాం, పన్ను రిటర్నులు చూస్తాం, లారీల ఆర్‌సీలు చూస్తాం. కూలీలకు ఇచ్చిన అడ్వాన్సుల పుస్తకం అడిగిన లోన్ ఆఫీసర్ నాకు ఇంకా కనపడలేదు. ఆ పుస్తకం ప్రతి బట్టీలోనూ ఉంటుంది.

ఏడో అంతస్తు. గోడకు కంపెనీ మానవ హక్కుల విధానం ఫ్రేము కట్టి ఉంది. దాని కింద నిలబడి ఒక్క నిమిషం చదవండి, మాటలు మంచివే. సెబీ నిబంధన వల్ల 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు ఏటా బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలి. బలవంతపు పని మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో రాసే గడి అందులో ఉంది. నేను చూసిన చాలా నివేదికల్లో ఆ గడిలో సున్నా ఉంటుంది. కార్డు ఎర్రగడ్డలో ఉన్నవాడు ఫిర్యాదు ఎట్లా రాస్తాడు? బ్రిటన్ 2015లో తెచ్చిన చట్టమూ ఇంతే. ఏటా 3.6 కోట్ల పౌండ్ల వ్యాపారం దాటిన కంపెనీలు ఆధునిక బానిసత్వం మీద ప్రకటన ఇవ్వాలి, కానీ ఏ చర్యా తీసుకోలేదని రాసినా ఆ చట్టం ఒప్పుకుంటుంది. కాగితం వరకే చూస్తే కాగితమే దొరుకుతుంది.

అసలు విషయం పక్క గదిలో ఉంది, పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో. సెక్యూరిటీ టెండర్ ఫైలు తెరిచి నాతో లెక్క కట్టండి. గార్డు వేతనం 100 అనుకుందాం. పీఎఫ్‌లో యజమాని వాటా ఛార్జీలతో కలిపి 13. ఈఎస్ఐ 3.25. కనీస బోనస్ 8.33. ఇప్పటికి 124.58. అతను వారంలో ఒక రోజు సెలవు తీసుకోవాలంటే ఆ రోజుకి ఇంకో మనిషి కావాలి, ఆ రిలీవర్ ఖర్చు ఆరో వంతు. మొత్తం 145 దాటుతుంది. ఇది ఎనిమిది గంటల లెక్క. పన్నెండు గంటలు నిలబెడితే పై నాలుగు గంటలకు రెట్టింపు కట్టాలి. యూనిఫాం, బూట్లు, ఏజెన్సీ లాభం ఇంకా వేయలేదు. ఇప్పుడు అందరికన్నా తక్కువకు పాడి ఈ కాంట్రాక్టు దక్కించుకున్న ఏజెన్సీ రేటు చూడండి: వేతనం 100కి 118. పన్నెండు గంటల డ్యూటీకి. ఆ కాగితం మీద సంతకం పెట్టినరోజే ఎవరి జేబులోంచి తీయాలో తేలిపోయింది. రిలీవర్ డబ్బు లేదు కాబట్టే నిన్న ఆ అబ్బాయి ఇరవై నాలుగు గంటలు నిలబడ్డాడు. ఏజెన్సీవాడిని నేను వెనకేసుకు రావడం లేదు. కానీ ఈ రేటు ఖాయం చేసింది మనమే.

పదకొండు గంటలకు మీటింగు. లోపలికి రండి, గోడవారన కూర్చోండి. నేను చెప్పాల్సింది చెప్పాక పర్చేజ్ హెడ్ మొదటి మాట, "అయితే ఇవాళే ఏజెన్సీని తీసేద్దాం." చేతులు దులుపుకోవడానికి అది సులువైన దారి. అట్లా తీసేస్తే గార్డులందరూ రేపు రోడ్డు మీదుంటారు, సర్టిఫికెట్లు ఎర్రగడ్డ బీరువాలోనే ఉంటాయి, బాకీ కోసం ఏజెన్సీ వాళ్లను ఇంకో సైటుకి తోలుతుంది. నేను అడిగింది వేరు. ఒక్క ఈ గేటు కాదు, అన్ని బ్రాంచీల గార్డులు, హౌస్‌కీపింగ్ వాళ్లు ఒకే రోజు కార్డు, ఒరిజినల్స్ తెచ్చి మన మనిషికి చూపించాలి. అందరినీ అడిగితే ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. కోసుకున్నదంతా లెక్కగట్టి కాంట్రాక్టర్ ఇవ్వకపోతే మనమే కట్టి అతని బిల్లులోంచి పట్టుకోవాలి. జీతానికి చివరి బాధ్యత పని చేయించుకునే కంపెనీదేనని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమే చెప్పింది, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లూ ఆ బాధ్యత తీసేయలేదు. అడ్వాన్సు పేరుతో మనిషిని ఆపినచోట విషయం కలెక్టర్‌కో ఆర్డీఓకో రాతపూర్వకంగా వెళ్లాలి. విడుదల పత్రం ఇవ్వాల్సింది వాళ్లు, మనం కాదు. కొత్త టెండర్‌లో చట్టం ప్రకారం అయ్యే ఖర్చు కన్నా తక్కువ రేటు వేసినవాడి కవరు పక్కన పెట్టాలి.

ఫైనాన్స్ హెడ్ కాలిక్యులేటర్ ముందుకు లాక్కున్నారు. "మూడు షిఫ్టులు పెట్టి, రిలీవర్లను కూడా కలిపితే ఏడాదికి ఎంత పెరుగుతుంది?"

బ్రాంచీల వారీగా మనుషుల లెక్క ఉన్న షీటు ఆయన ముందు పెట్టాను. మొదటి వరుస పంజాగుట్టది. ఆయన వేతనం గడి నుంచి మొదలుపెట్టి పైకి చదువుతున్నారు, పర్చేజ్ హెడ్ రాసుకుంటున్నారు.