తెలుగునాట కాంట్ అధ్యయనం: పోలికల దారి

మంథని, ధర్మపురి వంటి గోదావరి తీరపు ఊళ్లలో వేదాధ్యయనం తరతరాలుగా సాగింది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల యువకులు పాశ్చాత్య తత్త్వశాస్త్రం చదవాలంటే మాత్రం హైదరాబాదు పోవలసివచ్చేది. 1918లో ఏర్పడిన ఉస్మానియాలో నిజాం పాలన ముగిసేదాకా బోధన ఉర్దూలోనే సాగింది. వరంగల్‌లో కాకతీయ (1976), కరీంనగర్‌లో శాతవాహన (2008) విశ్వవిద్యాలయాలు చాలా తర్వాతివి. అప్పటికే జర్మన్ తత్త్వవేత్త కాంట్‌ను చదివే పద్ధతిని ఆంగ్లంలో రాసిన తెలుగు ఆచార్యులు స్థిరపరిచారు. ఆ పద్ధతి పోలిక. 1927లో రాధాకృష్ణన్ తన భారతీయ దర్శన చరిత్ర రెండో సంపుటంలో శంకరుణ్ణి కాంట్‌తో పోల్చారు, 1937లో పి.టి.రాజు హెగెల్ సంప్రదాయాన్ని అద్వైతంతో కలిపి పరిశీలించారు. మన దర్శనాలను మతవిశ్వాసాలుగా కొట్టిపారేస్తున్న కాలంలో అది గొప్ప పని. కానీ దాని నీడలో కాంట్ మాయావాదికి చుట్టమైపోయాడు.

కాంట్ ప్రశ్న వేరు. కార్యకారణ సంబంధం అలవాటువల్ల పుట్టిన నమ్మకమేనని హ్యూమ్ అన్నాక, న్యూటన్ భౌతికశాస్త్రపు నిశ్చయానికి ఆధారమేమిటి? 1781 నాటి ‘శుద్ధబుద్ధి విమర్శ’ దీనికే జవాబు వెతికింది. దేశకాలాలు మన ఇంద్రియగ్రహణపు రూపాలు. కారణత వంటి 12 మూలభావాలు బుద్ధి తెచ్చే నియమాలు. అవి లేనిదే అనుభవమే కుదరదు. లోకం భ్రమ అని ఇందులో ఎక్కడా లేదు. అలా చదివిన విమర్శకులున్నారు గనకనే 1787 ముద్రణలో కాంట్ భావవాద ఖండనను ప్రత్యేకంగా చేర్చాడు. విశేషమేమంటే, శంకరుడూ బ్రహ్మసూత్ర భాష్యం రెండో అధ్యాయంలో విజ్ఞానవాదాన్ని ఖండిస్తూ, బయటి వస్తువు తెలివిలోని రూపం మాత్రమే కాదని వాదించాడు. ఇద్దరూ నిజంగా దగ్గరయ్యేది ఇక్కడ, బాహ్యవస్తువును కాపాడే చోట. అక్కడినుంచి దారులు చీలిపోతాయి. శంకరుడికి వ్యావహారిక జ్ఞానం బ్రహ్మజ్ఞానంతో బాధితమవుతుంది, అంటే రద్దవుతుంది. అనుభవజ్ఞానాన్ని అలా బాధించే పైజ్ఞానమేదీ మనిషికి లేదంటాడు కాంట్.

వేదాంత పరిభాష లేకుండా తెలుగు విద్యార్థికి కాంట్ అందడని అభ్యంతరం రావచ్చు. అందులో నిజముంది, ప్రమాణం, ప్రమేయం తెలిసినవాడికి ఈ చర్చ తొందరగా పట్టుబడుతుంది. అయితే పరిభాష వాడుకోవడం వేరు, సిద్ధాంతం అంటగట్టడం వేరు. కె.సచ్చిదానందమూర్తి 1959 నాటి గ్రంథంలో అద్వైతంలో శ్రుతికీ తర్కానికీ ఉన్న స్థానాలను విడదీసి పరీక్షించారు. మనకు కావలసింది ఆ పద్ధతి. బ్రహ్మానికి శంకరుడు శ్రుతిని ప్రమాణంగా చూపుతాడు; ఆత్మ, ఈశ్వరుడు జ్ఞానానికి అందరనీ, నీతి కోరే విశ్వాసాలుగానే నిలుస్తారనీ కాంట్ అంటాడు. కరీంనగర్‌లోనైనా ఆదిలాబాద్‌లోనైనా పాఠం ఈ ప్రమాణ చర్చతోనే మొదలుకావాలి. అందుకు 1783లో కాంట్ స్వయంగా రాసిన చిన్న పరిచయగ్రంథం ‘ప్రొలెగోమెనా’ చాలు. పోలికలు దాని తర్వాత.