మందులతో దెబ్బతిన్న కాలేయానికి స్టెరాయిడ్: కోనసీమ వైద్యం ముందున్న ప్రశ్నలు

మందుల వల్ల కాలేయానికి కలిగే హాని చాలావరకు ఆ మందు మానేస్తే తగ్గిపోతుంది. స్పెయిన్‌లో ఇలాంటి కేసులను నమోదు చేసే రిజిస్ట్రీ 2016లో వెలువరించిన అధ్యయనంలో 298 మందికి గాను 273 మంది ఏడాదిలోపే కోలుకున్నారు. మిగిలిన 25 మందిలో హాని దీర్ఘకాలికమైంది. ఆరు నెలలు దాటితే దీర్ఘకాలికమనే పాత లెక్క పోయి, ఏడాది హద్దుగా స్థిరపడటానికి ఈ ఫలితాలే ఆధారం. స్టెరాయిడ్ గురించిన చర్చ ప్రధానంగా ఈ చిన్న గుంపుకు సంబంధించినది. ఈ గుంపులో స్టెరాయిడ్ ఇవ్వడం కన్నా, ఇచ్చింది ఆపి చూడటమే రోగమేమిటో తేల్చుతుందని ఈ వ్యాసం వాదన.

మన దేశంలో మొదటి ముద్దాయి క్షయ మందులే. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాలకు చెందిన హర్షద్ దేవర్‌భావి బృందం 2010లో ప్రచురించిన 313 కేసుల్లో 58 శాతం వాటివే. 2021 నాటి జాతీయ అధ్యయనంలో 1,288 మందిలో క్షయ మందుల వాటా 46.4 శాతం కాగా, మూలికలు, ప్రత్యామ్నాయ మందుల వాటా 13.9 శాతం. క్షయ మందులతో వచ్చిన కామెర్లకు స్టెరాయిడ్ సాధారణ జవాబు కాదు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ ఆపి, కాలేయం కుదుటపడ్డాక ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టడమే పద్ధతి.

మూలికల సంగతి వేరు, కోనసీమకు దగ్గరిది కూడా. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం ఇంటింటి మందైంది. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రికి చెందిన ఆనంద్ కులకర్ణి, దేశంలోని ఇతర కేంద్రాల వైద్యులతో కలిసి 2022లో 43 మంది రోగుల వివరాలు ప్రకటించారు. సగానికి పైగా స్త్రీలు. వాడకం మొదలైన తర్వాత లక్షణాలు కనబడటానికి పట్టిన మధ్యస్థ కాలం 46 రోజులు. చాలామంది రక్తంలో యాంటీ న్యూక్లియర్ యాంటీబాడీ కనిపించింది. బయాప్సీల్లో ఆటోఇమ్యూన్ లక్షణాలు, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత కాలేయం మీదే దాడి చేసే జబ్బు ఛాయలు, బయటపడ్డాయి. అప్పటివరకు చడీచప్పుడు లేకుండా ఉన్న ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను తిప్పతీగ బయటకు లాగగలదని వారి నిర్ధారణ. అంతకుముందే ముంబై వైద్యులు ఆరు కేసులు ప్రకటించినప్పుడు ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆక్షేపించింది. తిప్పతీగను పోలిన మరో తీగతో పొరబడి ఉంటారన్నది ఆ శాఖ వాదన. ఆ అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. కంచె మీద తీగను కోసుకొచ్చేవారు కాండం మీద బుడిపెలున్నాయో లేదో చూసి కోస్తారా? ఏ తీగ తాగినా, రోగి కాలేయం మాత్రం దెబ్బతింది.

ఇక్కడే రోగ చరిత్ర అడిగే తీరు తేడా తెస్తుంది. "మందులేమైనా వాడారా?" అంటే రాజోలు వైపు రోగి "లేదండీ" అంటాడు. "కషాయాలు, పసర్లు?" అని విడిగా అడిగితే, "అయ్యో, అది మందేంటండీ, ఆకే కదా!" అనే మాట వస్తుంది. ఆ రెండో ప్రశ్న వేయకపోతే హానికారకం ఆగదు, ఎంత స్టెరాయిడ్ పోసినా.

మందు ఆపినా కాలేయ ఎంజైములు తగ్గకుండా, ఐజీజీ యాంటీబాడీ పెరిగి, బయాప్సీలో ప్లాస్మా కణాలు కనబడితే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టడం సబబే. అయితే అది పనిచేసిందంటే మందు వల్ల వచ్చిన జబ్బా, అసలైన ఆటోఇమ్యూన్ జబ్బా తేలినట్టు కాదు, రెండూ లొంగుతాయి. తేడా ఆపాక తెలుస్తుంది. మేయో క్లినిక్ 2010లో ప్రచురించిన అధ్యయనంలోని 261 మంది ఆటోఇమ్యూన్ హెపటైటిస్ రోగుల్లో 24 మందికి మందులే కారణం; ముఖ్యంగా నైట్రోఫ్యురాంటోయిన్, మినోసైక్లిన్. వారిలో స్టెరాయిడ్ ఆపిన 14 మందిలో ఒక్కరికీ జబ్బు తిరగబెట్టలేదు. మిగతావారిలో ఆపిన తర్వాత 65 శాతం మందికి తిరగబెట్టింది. సంఖ్య చిన్నదే. అయినా స్టెరాయిడ్‌ను జీవితాంతం కొనసాగించే ముందు ఒకసారి ఆపి చూడాలనడానికి ఇంతకన్నా సూటి ఆధారం నా దృష్టికి రాలేదు. కామెర్లు ముదిరి కాలేయం చేతులెత్తేసిన దశలో మాత్రం స్టెరాయిడ్ ప్రాణాలు నిలిపినట్టు అమెరికా అధ్యయనాల్లో రుజువు కాలేదు.

రక్తపరీక్షలు అమలాపురంలోనే జరుగుతాయి. బయాప్సీకి కాకినాడకో హైదరాబాదుకో వెళ్లిన రోగి స్టెరాయిడ్ చీటీతో కొత్తపేటకు తిరిగొస్తే, తర్వాతి ఏడాది చూడాల్సింది స్థానిక వైద్యులే. షుగరు పెరగవచ్చు, దాగిన హెపటైటిస్ బి, క్షయ మళ్లీ లేవవచ్చు. మొదటి మాత్రకు ముందే ఈ మూడూ పరీక్షించాలి. పైగా నీరసం తగ్గిందని దుకాణంలో అదే మాత్ర కొనుక్కునే అలవాటు మనకుంది. అందుకే వైద్యులకు మనవి: ప్రెడ్నిసలోన్ రాసే చీటీ మీదే మోతాదు తగ్గించే తేదీలు, పూర్తిగా ఆపే తేదీ, ఆపిన తర్వాత ఏడాది పాటు కాలేయ ఎంజైము ఏఎల్‌టీ, ఐజీజీ చేయించాల్సిన తేదీలు కూడా రాయండి.